ఐదు లోపలికి, నాలుగు బయటికి

మా ఆయన రూడీ ఎర్రగళ్ళ ఉన్ని చొక్కాకి వెనక కొస లేదు. ఇరవై ఆరేళ్ళ కిందట, పిలిస్తే పలికేంత దగ్గర్లో నిలబడ్డ దుప్పిని అతను కొట్టలేకపోయాడు. ఆ సాయంత్రమే వాళ్ళ బాబాయి, నాకు మామయ్య వరసయ్యే ఆర్విడ్, కత్తెర తెచ్చి ఆ కొస కత్తిరించి, దానిమీద పేరూ సంవత్సరమూ రాసి, వేట క్యాంపు గోడకి మేకు కొట్టేశాడు. గురి తప్పినవాడి చొక్కా కొస గోడకెక్కాల్సిందే. మా గోడమీద అలాంటివి ఇరవై మూడున్నాయి. వాటిలో తొమ్మిది మా మరిది గ్లెన్‌వి. అయినా వేట గురించి అందరికీ పాఠాలు చెప్పేది అతనే.

ఆ నవంబరు పదిహేనున, దుప్పి వేట మొదలయ్యే రోజు, నేను ఆ చొక్కా వేసుకుని మంచులో నడుస్తున్నాను. పైన నారింజరంగు కోటు ఉంది కానీ అది పొట్టిది. కొస లేని చోట గాలి సరాసరి నడుముకి తగులుతోంది. "ఆ రోజు సరిగ్గా కొట్టి ఉంటే ఇవాళ నాకీ చలి ఉండేది కాదు కదయ్యా" అని రూడీని తిట్టుకున్నాను. ఎదురుగా లేనివాణ్ణి తిట్టడం నాకు అలవాటైపోయింది. ఏప్రిల్లో, వాకిట్లో ఆఖరి మంచు తీస్తూ, పార చేతిలో ఉండగానే పోయాడు. గుండె ఆగిందన్నారు. ముప్పై ఒక్కేళ్ళ కాపురం.

క్యాంపంటే దేవదారు దుంగలతో కట్టిన ఒకే ఒక్క గది. పక్కన ఆవిరిస్నానాల సౌనా, ముందు వరండా. లోపల నాలుగే పడకలు: ఆర్విడ్ మామయ్యది, గ్లెన్‌ది, రోడ్లమీద మంచు తీసే బండి నడిపే లైల్‌ది, రూడీది. ఆడవాళ్ళం ఆదివారాలు పేస్టీలు, అంటే మాంసమూ బంగాళదుంపలూ కూరిన పెద్ద కజ్జికాయల్లాంటివి, పట్టుకెళ్ళి, అవి తింటున్నంతసేపూ నిలబడి, ఖాళీ పళ్ళెం తెచ్చుకునేవాళ్ళం. ఆడవాళ్ళకి పడక ఇవ్వకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఈపాటికి చింపేసేదాన్ని.

రూడీ పోయాక ఆ పడక ఎవరికన్న మాట వచ్చింది. గ్లెన్ తన స్నేహితుడు, పళ్ళ డాక్టరు పేరు చెప్పాడు. డాక్టరుకి ఖరీదైన తుపాకి ఉంది, దానిమీద దుర్భిణి ఉంది, ట్రక్కులో కాఫీ మిషను కూడా ఉంది. అంతకుముందు సంవత్సరం అతను అతిథిగా వచ్చి మూడుసార్లు గురి తప్పాడు. అయినా నిండు చొక్కాతోనే ఇంటికి వెళ్ళాడు, ఎందుకంటే అతిథుల చొక్కా జోలికి మా వాళ్ళు వెళ్ళరు. ఆ కత్తెర పడక ఉన్నవాళ్ళకే.

ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఏటా నవంబరులో రెండువారాలు రూడీ పడుకున్న చోటు అది. పడక కింద అతని బూడిదరంగు మేజోళ్ళు ఇంకా అలాగే ఉన్నాయని నాకు తెలుసు, ఎందుకంటే నేను అల్లినవి ఆరు జతలు, ఇంట్లో మిగిలింది అయిదు. ఆ మేజోళ్ళని పళ్ళ డాక్టరు తీసి చెత్తబుట్టలో వేస్తాడన్న ఊహే నాకు మింగుడు పడలేదు.

జూన్‌లో ఆర్విడ్ మామయ్య ఇంటికి వెళ్ళి ముఖానే అడిగేశాను.

"మామయ్యా, రూడీ పడక నాకు కావాలి."

"పడుకోడానికా, వేటాడ్డానికా?"

"రెండిటికీ."

ఆయనకి ఎనభై ఒకటి. మాట్లాడే ముందు కాఫీ కప్పులోకి చూడటం అలవాటు. చాలాసేపు చూశాడు.

"శిక్షణ తరగతికి వెళ్ళి కాగితం తెచ్చుకో. తుపాకి నేను నేర్పుతా. మొదటిరోజు అతిథిగా రా. ఆ మధ్యాహ్నం పేస్టీల దగ్గర చెప్తా పడక ఎవరిదో. కానీ అమ్మాయ్, వరండా నియమం ఒక్కసారి తప్పావో, డాక్టరుకి ఫోన్ వెళ్ళిపోతుంది. తర్వాత ఏడ్చి లాభం లేదు."

వరండా నియమం మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు. పొద్దున వెళ్ళేటప్పుడు తుపాకిలోకి ఎన్ని తూటాలు నింపావో వరండాలో నిలబడి పైకి చెప్పాలి. తిరిగొచ్చాక తుపాకి మూతి ఇసకపెట్టెలోకి పెట్టి, తూటాలన్నీ తీసి పాత కాఫీ డబ్బాలో వేసి, మళ్ళీ పైకి చెప్పాలి. ఐదు లోపలికి, ఐదు బయటికి. పేల్చినవి ఉంటే వాటి ఖాళీ గుల్లలు చూపించాలి. అది తేలేదాకా తుపాకి గడప దాటదు.

శిక్షణ తరగతిలో నా వయసు యాభై ఆరు, మిగతా అందరిదీ పన్నెండు. పరీక్షలో నాకు రెండో స్థానం వచ్చింది. మొదటిస్థానం వచ్చిన రెండుజడల పిల్ల నాకు చాక్లెట్ ఇచ్చి ఓదార్చింది.

ప్రతి బుధవారం ఆర్విడ్ మామయ్య మా వంటింటికి వచ్చేవాడు. మూడు కప్పుల కాఫీ, రెండు ముక్కల యాలకుల రొట్టె, ఆ తర్వాత పాఠం. రూడీ తుపాకి బల్లమీద ఉండేది. వాళ్ళ నాన్న కొన్న పాత లీవరు తుపాకి. మందు లేని ఉత్తుత్తి తూటాలు పక్కన ఓ గిన్నెలో.

"తుపాకి చేతికి రాగానే ముందు ఏం చూస్తావ్?"

"గురి."

"గురి నీ మొహం! మూతి ఎటుందో చూడాలి. ఇప్పుడది నా కాఫీ మీదుంది."

"ఖాళీదే కదా మామయ్యా."

"ఎవరు చెప్పారు?"

"మీరే. ఇందాక చూసే కదా ఇచ్చారు."

"నేను చూశాను కాబట్టి నాకు ఖాళీ. నీ చేతికొచ్చాక నువ్వు చూసుకునేదాకా అది నిండుదే. చేతులు మారిన ప్రతిసారీ అంతే. నా మాట నమ్మకు, రూడీ మాట నమ్మకు, దేవుడొచ్చి చెప్పినా ఓసారి తెరిచి చూడు."

ఆ తర్వాత దాని లోపలి సంగతులు. ఈ తుపాకికి రెండు గొట్టాలు. పైది గుండు వెళ్ళే దారి. కిందిది తూటాలు దాచుకునే చోటు. పక్కనున్న చిన్న తలుపులోంచి తూటాల్ని ఒక్కొక్కటిగా కింది గొట్టంలోకి నెట్టాలి. లోపల ఓ స్ప్రింగు, దాని చివర ఓ బిళ్ళ. అవి తూటాల వరసని ఎప్పుడూ మనవైపుకి తోస్తుంటాయి. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప పిడి లీవరు. దాన్ని కిందికి తోస్తే పైగొట్టంలో ఉన్న తూటా బయటికి ఎగిరిపోతుంది, వెనకున్న చిన్న సుత్తి, హామర్, ఎక్కి కూర్చుంటుంది. పైకి లాగితే కిందనుంచి కొత్త తూటా లేచొచ్చి పైగొట్టంలో దూరుతుంది. అంతే, ఇక ట్రిగ్గరు నొక్కడమే మిగిలేది.

"ఒకటి గుర్తుపెట్టుకో," అన్నాడు మామయ్య. "లీవరు ఆడిస్తే లోపలున్నది బయటికి పోతుంది. అది పేలిందా, పేలలేదా అన్నది దానికి అనవసరం. నువ్వు తోశావు, అది విసిరింది."

"బుద్ధిమంతురాలే."

"బుద్ధి దానికి లేదు. నీకుండాలి."

మొనదేలిన తూటాలు ఈ తుపాకిలో వెయ్యకూడదన్నాడు. కింది గొట్టంలో ఒకదాని ముక్కు ముందుదాని అడుగుకి, సరిగ్గా మందు అంటుకునే చోటే ఆనుకుని ఉంటుంది. మొన వాడిగా ఉంటే ఓ కుదుపు చాలు. పళ్ళ డాక్టరు గ్లెన్‌కి అలాంటివి ఓ పెట్టెడు బహుమతిగా తెచ్చాడట. మామయ్య వాటిని వరండాలోంచే వెనక్కి పంపాడు, రెండు బూతులు కలిపి.

"ఖాళీ చేశాక పైగొట్టం చూసి సంబరపడిపోకు. కింది గొట్టం కూడా చూడు. తూటాలు నిజంగా అయిపోతే ఆ బిళ్ళ మనవైపున్న వెనక మూతి దాకా వచ్చి కూర్చుంటుంది, మెరుస్తూ కనిపిస్తుంది. కంటితో చూడు, చిటికెన వేలు పెట్టి తడుము. ఇంకోటి, అడవిలో నడిచేటప్పుడు పైగొట్టం ఖాళీగానే ఉండాలి. దుప్పి కంటబడ్డాకే మొదటిసారి లీవరు ఆడించు. మంచులో జారిపడని మగాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు."

"ఆడదాన్ని?"

"చూస్తాగా నవంబరులో."

రోజూ గిన్నెలు కడిగాక సాధన చేసేదాన్ని. తుపాకి ఎత్తు, లీవరు కిందికి, పైకి. కిందికి, పైకి. మందు లేని తూటాలే అయినా ఇంట్లో ట్రిగ్గరు మీదికి వేలు పోకూడదని మామయ్య ఒట్టు వేయించుకున్నాడు. నిజం తూటాలు కాల్చింది కంకర గుంట దగ్గర, పన్నెండు మాత్రమే, అది కూడా ఒక్కోసారి ఒక్కటే నింపి. అంటే అయిదు నెలలపాటు నా చేతులకి నేను నేర్పింది లీవరు ఆడించడమొక్కటే. దానివల్ల ఏం ముంచుకొస్తుందో అప్పుడు నాకు తట్టలేదు, మామయ్యకీ తట్టలేదు.

అక్టోబరు చివర్లో తుపాకిని శుభ్రం చేశాను. రూడీ ఉన్నప్పుడు ఆ పని అతనిదే. నేను మాత్రం నూనె సీసా తీసి, పసిపిల్లకి తలంటినంత శ్రద్ధగా, పైనా కిందా, లోపలా బయటా, పక్క తలుపులోంచి కూడా ధారాళంగా పోశాను. తుపాకి తళతళలాడింది. అతను చూస్తే ఎంత సంతోషించేవాడో అనుకుని కాసేపు ఏడ్చాను కూడా.

*

ఆ పొద్దున వరండాలో నిలబడి "ఐదు" అని గట్టిగా చెప్పాను. లైల్ చప్పట్లు కొట్టాడు. గ్లెన్ ఆవలించాడు.

"ఐదెందుకు వదినా? రెండు చాల్లే. ఒకటి దుప్పికి, ఒకటి చెట్టుకి."

"నీకు తొమ్మిది చెట్లయ్యాయిగా. నాకు కొన్ని మిగిల్చావా?"

ఒక మాట చెప్పాలి. గ్లెన్ చెడ్డవాడు కాదు. ఏప్రిల్ నుంచి మా ఇంటికి కట్టెలు కొట్టి తెచ్చింది అతనే. కానీ అతనికో పాడు అలవాటుంది. క్యాంపులో రూడీ తుపాకి వేలాడే కొయ్యలు గ్లెన్ పడకకి సరిగ్గా పైనున్నాయి. పొయ్యి దగ్గర కబుర్లు ముదిరాక దాన్ని కిందికి దించి, లీవరు ఓసారి ఆడించి, తన పాత దుప్పి కథకి అభినయం పట్టి, పొయ్యి వైపు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కుతాడు. టక్కుమంటుంది. అదీ కథకి ముగింపు. వరండాలో ఖాళీ చేసిందే కదా అని ఎవరూ ఏమీ అనేవారు కాదు. మామయ్య మాత్రం ఏటా తిట్టేవాడట.

రూడీ కూర్చునే చోటు చిత్తడినేల అంచున ఓ పడిపోయిన దేవదారు మొద్దు. అక్కడ కూర్చుంటే శబ్దమంటూ ఉండదు. చలికి ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకట్టాయి. రెండుగంటలు కదలకుండా కూర్చున్నాను. రూడీ ఇన్నేళ్ళు ఇక్కడ కూర్చుని ఏం ఆలోచించేవాడో నాకు మొదటిసారి అర్థమైంది. ఏమీ ఆలోచించేవాడు కాదు. అందుకే అంత సంతోషంగా ఇంటికొచ్చేవాడు.

ఎనిమిదిన్నరకి వచ్చాడు దొర. ఎనిమిది కొమ్మల కొమ్ములు, లావాటి మెడ, పెళ్ళికొడుకులా నెమ్మదిగా అడుగులేసుకుంటూ. నలభై అడుగుల దూరంలో ఆగి నావంక అడ్డంగా తిరిగాడు. అంతకంటే బాగా ఎవరూ నిలబడలేరు.

తుపాకి ఎత్తాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. లీవరు కిందికి, పైకి. ఢాం! మళ్ళీ లీవరు. ఢాం! మళ్ళీ. ఢాం! ఢాం! ఢాం! అయిదూ వరసగా కొట్టేశాను. నా అంత వేగంగా ఆ అడవిలో ఎవరూ కొట్టి ఉండరు.

దుప్పి నమలడం ఆపలేదు. నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, తెల్లతోక ఊపి, వచ్చినంత నెమ్మదిగానే వెళ్ళిపోయింది.

అయిదు దెబ్బలు తిని అంత నింపాదిగా ఎలా నడుస్తోందా అని ఆశ్చర్యపోయాను. అప్పుడు గమనించాను, నా చెవులు హోరెత్తడం లేదు. మందు వాసన లేదు. మొద్దుమీద మంచు కూడా రాలలేదు. కిందికి చూస్తే నా బూట్ల పక్కన ఇత్తడి తూటాలు పడున్నాయి, ముక్కులు ఊడకుండా, కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. ఒక్కటి కూడా పేలలేదు. నేను ట్రిగ్గరు ముట్టుకోనే లేదు. నా చేతులు నేర్చుకున్న పనే చేశాయి, ఢాం ఢాం అన్నదంతా నా బుర్రలోదే.

దుప్పి కనబడితే కొత్తవాళ్ళకి పట్టే ఈ పిచ్చి గురించి ఎన్నో కథలు విన్నాను, పగలబడి నవ్వాను కూడా. ఇప్పుడు ఆ కథ నేనే. మొద్దుమీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. రూడీకి చెప్పాలనిపించింది. చెప్పడానికి లేడని గుర్తొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

తూటాలు ఏరుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

మంచంతా చేతులతో జల్లెడ పట్టాను. నాలుగే. లీవరు తెరిచి పైగొట్టం చూశాను, ఖాళీ. వేలు పెట్టి చూశాను, ఖాళీ. లెక్క వేసుకున్నాను: మొదటిసారి లీవరు ఆడించినప్పుడు ఒకటి లోపలికెళ్ళింది, బయటికి ఏదీ రాలేదు. తర్వాత నాలుగుసార్లకి నాలుగు బయటపడ్డాయి. మరి ఐదోది పైగొట్టంలో ఉండాలి కదా. లేదు. ఇంకోసారి ఆడించాను. ఏమీ రాలేదు. కింది గొట్టం వెనక మూతి చూశాను. మెరిసే బిళ్ళ కనపడాల్సిన చోట చీకటి.

అది లోపలే ఎక్కడో ఇరుక్కుంది. లేదా మంచులో నాకు కనపడకుండా పోయింది. రెండిట్లో ఏదో చెప్పలేను.

మూతి నేలవైపు పెట్టుకుని క్యాంపుకి నడిచాను. దారిలో నా ట్రక్కు ఉంది. సీటు కింద నా తూటాల పెట్టె ఉంది, అందులో ఇంకా పదిహేను. ఒక్కటి తీసి కాఫీ డబ్బాలో వేస్తే ఐదు లోపలికి, ఐదు బయటికి. పడక నాది. ఎవరికీ తెలీదు. దాచడమెందుకు, ట్రక్కు తలుపు పిడిమీద చెయ్యి వేశాను కూడా. కాసేపు అలాగే నిలబడ్డాను. అప్పుడు ఆ కొయ్యలు గుర్తొచ్చాయి, వాటికింద గ్లెన్ పడక, పొయ్యి దగ్గర అతని కథ, చివర్లో ఆ టక్కు. తలుపు పిడి వదిలేశాను.

*

మొదటిరోజు మధ్యాహ్నం పేస్టీలకి అందరూ వచ్చి తీరతారు. నేను వెళ్ళేసరికి ముగ్గురూ వరండాలోనే ఉన్నారు, తుపాకులు ఖాళీ చేసుకుని.

"పొద్దున్నించీ నీ వైపునుంచి చప్పుడే లేదేంటి వదినా? నిద్రపోయావా?" అన్నాడు లైల్.

మూతి ఇసకపెట్టెలోకి పెట్టి, లీవరు తెరిచి, నాలుగు తూటాలూ డబ్బాలో వేశాను.

"ఐదు లోపలికి, నాలుగు బయటికి."

లైల్ డబ్బాలోకి తొంగిచూశాడు.

"కాల్చావా?" అన్నాడు గ్లెన్.

"లేదు."

"మరి?"

చెప్పేశాను. ఒక్క ముక్క దాచలేదు. దుప్పి నన్ను ఎలా చూసిందో కూడా చెప్పాను. లైల్ మెట్లమీద కూలబడి టోపీతో మొహం కప్పుకుని నవ్వాడు. గ్లెన్ కళ్ళనీళ్ళు తుడుచుకున్నాడు.

"గోడమీద నావి తొమ్మిదున్నాయి, నిజమే. కానీ వదినా, తొమ్మిదిసార్లూ కనీసం చప్పుడైనా చేశాను!"

"నవ్వడం అయ్యాక చెప్పు. ఐదోది ఎక్కడుందో తెలీదు."

"మంచులో పడుంటుంది. ఏప్రిల్లో మంచు కరిగాక దొరుకుతుంది. పైగొట్టం ఖాళీయేగా? ఇటియ్యి, నేను తగిలించేస్తా. పేస్టీలు చల్లారిపోతున్నాయి." చెయ్యి చాచాడు.

ఒక అడుగు వెనక్కేశాను. "దీన్ని ముట్టుకోకు గ్లెన్. బిళ్ళ వెనక మూతి దగ్గరికి రాలేదు."

"పాత స్ప్రింగు. అలాగే ఉంటుంది."

"ఉండనీ. నేను చూసుకునేదాకా నిండుదే."

గ్లెన్ మామయ్య వైపు తిరిగాడు. "చూశావా బాబాయ్? లెక్క తేలలేదు. నియమం తప్పినట్టేగా? ఇంక డాక్టరుకి చెప్పెయ్యొచ్చు."

ఆర్విడ్ మామయ్య నావంకే చూస్తున్నాడు, కాఫీ కప్పులోకి చూసే చూపు. "ఏమంటావ్ అమ్మాయ్? వాడు చెప్పేది నిజమే కావచ్చు. అందరికీ ఆకలేస్తోంది."

"ఫోన్ చేసుకోనీండి మామయ్యా. పడక పోతే పోయింది. మీరంతా లోపలికెళ్ళి తినండి. ఇది మాత్రం లోపలికి రాదు. దీంతోపాటు నేనూ ఇక్కడే ఉంటా."

మామయ్య కర్ర ఊతంతో నెమ్మదిగా వచ్చి, తుపాకి పక్కన ఒంగి, తెరిచి ఉన్న లీవరులోంచి లోపలికి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. ఆ వేలు వాసన చూశాడు.

"ఇందులో నూనె పోసిందెవరు?"

"నేనే."

"ఎంత?"

"సగం సీసా."

"పాన్‌కేకులు వేద్దామనుకున్నావా?" వేలు నా చొక్కాకే తుడిచాడు. "చలికాలం ఇందులో నూనె ఉండకూడదు, పొడిగుడ్డతో తుడవాలంతే. ఈ చలికి అది నెయ్యిలా పేరుకుంది. స్ప్రింగు అందులో చిక్కుకుపోయింది. ఈ మాట నీకు చెప్పకపోవడం నా తప్పు. లైల్, నీ చేతులు వేడిచేసుకునే పొట్లాలున్నాయా?"

లైల్ దగ్గర ఆరున్నాయి. వాటిని కింది గొట్టం పొడుగునా పేర్చి, పైన నా నారింజ కోటు చుట్టి, తాడుతో కట్టాము. చంటిబిడ్డని దుప్పట్లో చుట్టినట్టు చుట్టేసరికి లైల్ దానికి జోల పాడబోయాడు. మూతి మాత్రం ఇసకలోంచి కదలనివ్వలేదు. పేస్టీలు వరండాలోకే వచ్చాయి. నలుగురం నిలబడి, చేతి తొడుగులతోనే తిన్నాము. కోటు తుపాకికిచ్చేశాను కాబట్టి గాలి నా నడుం మీదే పడింది. గ్లెన్ తన కోటు విప్పి నా భుజాలమీద వేశాడు. కోపంగానే వేశాడు.

పదిహేను నిమిషాలయ్యాయి. ఇరవై అయ్యాయి.

"మంచులోనే ఉంది, నేను చెప్పలా," అన్నాడు గ్లెన్.

టిక్.

చిన్న చప్పుడు. గడియారం ముల్లు కదిలినంత. అందరి నోళ్ళూ నమలడం ఆపాయి.

కోటు విప్పాను. మూతి ఇసకలో ఉందని చూసుకున్నాను. ట్రిగ్గరుకి దూరంగా వేలు చాపి పెట్టుకుని, లీవరు కిందికి తోసి పైకి లాగాను. లోపల ఏదో లేచి, పైగొట్టంలోకి దూరింది. ఆ మెత్తని కదలిక నా అరచేతికి తెలిసింది. మళ్ళీ కిందికి తోశాను. ఐదో తూటా గాల్లోకి ఎగిరి, వరండా చెక్కలమీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి గ్లెన్ బూటుకి తగిలి ఆగింది. కింది గొట్టం వెనక మూతిలో బిళ్ళ మెరిసింది.

గ్లెన్ ఆ తూటావైపు చూశాడు. తర్వాత తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికి చూశాడు, తన పడకకేసి, దానిపైనున్న కొయ్యలకేసి, పొయ్యికేసి. పొయ్యి ఎర్రగా కాలుతోంది. లోపలి వెచ్చదనానికి ఆ నూనె గంటలో కరిగిపోయేది. సాయంత్రం అతను కథ మొదలుపెట్టేవాడు. పొయ్యికి అవతల కుర్చీలో ఎప్పుడూ కూర్చునేది లైల్.

లైల్ కూడా ఆ కుర్చీకేసే చూస్తున్నాడు. జోల పాట ఎటుపోయిందో.

గ్లెన్ ఒంగి తూటా తీసి డబ్బాలో వేశాడు. "ఐదు బయటికి," అన్నాడు. డబ్బా పక్కకి జరిపి, "డాక్టరైతే పేస్టీ కోసం లోపలికి వచ్చేసేవాడు," అన్నాడు. "నేనే తుపాకి అందుకుని తగిలించేవాణ్ణి."

ఆర్విడ్ మామయ్య లోపలికి వెళ్ళాడు. సొరుగు లాగిన చప్పుడైంది. కత్తెర పట్టుకుని వచ్చాడు.

"ఇదెందుకు బాబాయ్?" అన్నాడు లైల్. "వదిన గురి తప్పలేదుగా. అసలు కాల్చనేలేదు."

"ఐదు గుళ్ళున్నాయి, ఎదురుగా దుప్పి ఉంది, మాంసం మాత్రం లేదు. మా నాన్న కాలంనుంచీ దాన్ని గురి తప్పడమనే అంటాం. ఇటు తిరుగు అమ్మాయ్."

తిరిగాను. మామయ్య నా చొక్కా వెనక తడిమి ఆగిపోయాడు.

"దీన్నెవరో ముందే కోసేశారే."

"మీరే మామయ్యా."

ఆయన ఆ పాత కోతమీద బొటనవేలు నడిపాడు. "అవును, నేనే," అన్నాడు చివరికి. "అయితే ముందుకి తిరుగు."

అప్పుడు గ్లెన్, ఇంకా తెల్లబడే ఉన్న మొహంతోనే, పెదవి చివర పాత నవ్వు కొంచెం తెచ్చుకుని అన్నాడు, "అతిథుల చొక్కా కొయ్యకూడదు కదా బాబాయ్?"

"ఇక్కడ అతిథి ఎవర్రా?" అన్నాడు ఆర్విడ్ మామయ్య, కత్తెర ఆడిస్తూ.

నాకు కళ్ళముందు అంతా మసకబారింది. ఏడుస్తున్నావా అని లైల్ అడిగితే, చలి అన్నాను.

ముందు కొస తెగి మామయ్య చేతిలోకి వచ్చింది. గ్లెన్ దానిమీద పెన్నుతో నా పేరు రాశాడు: వెర్నా. ఐదు గుళ్ళు, చప్పుడు నిల్. సంవత్సరం కూడా వేశాడు. మేకు కూడా తనే కొట్టాడు, ఇరవై ఆరేళ్ళ కిందటి రూడీ కొస పక్కనే. రెండూ ఒకే చొక్కావి. గ్లెన్ రెండుసార్లు మేకు పీకి సర్దాడు, ఎర్రగళ్ళు ఒకదానితో ఒకటి కలిసేదాకా.

తర్వాత తుపాకిని నూనె చుక్క మిగలకుండా తుడిచి, లీవరు తెరిచే ఉంచి, కొయ్యలమీద నేనే తగిలించాను. గ్లెన్ దానివైపు చెయ్యి చాపలేదు. ఆ సాయంత్రం కథ ఉత్త చేతులతోనే చెప్పాడు, టక్కుమనడానికి నాలుక ఆడించాడు.

నేను వంగి పడక కింద చూశాను. మేజోళ్ళు అక్కడే ఉన్నాయి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, ఉండ చుట్టి. తీసి తొడుక్కున్నాను. నాకు కొంచెం పెద్దవి.